పొంతన కుదరని ‘ఇ’లు: 1916 డబ్లిన్ ప్రకటనపత్రం ఒకదాని పరిశీలన

గత వేసవిలో ఒక గోడపత్రిక నా బల్ల మీదికి వచ్చింది. ఐర్లండ్‌లో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగాయన అక్కడి పాత సామాన్ల వేలంలో దాన్ని కొని, సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి పట్టుకొచ్చారు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం మధ్యాహ్నం, డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు ముందు నిలబడి తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ చదివి వినిపించిన ఐరిష్ రిపబ్లిక్ ప్రకటన అది. వెయ్యి ప్రతుల దాకా అచ్చయిన ఆ కాగితంలో నేటికి మిగిలినవి యాభై లోపేనని ఈ రంగంలోని వారి అంచనా. నికార్సయిన ప్రతి వేలానికి వస్తే లక్షల యూరోలు పలికిన సందర్భాలున్నాయి. అందుకే ఆయన ప్రశ్న ఒక్కటే: ఇది 1916లో అచ్చయినదేనా, తర్వాత ఎవరైనా తీసిన నకలా?

నేను చరిత్రకారుణ్ణి కాను. విజయవాడలో ఒక లెటర్‌ప్రెస్సులో చేత్తో కంపోజింగ్ చేసి, ఆఫ్‌సెట్ (ఫొటో తీసి ప్లేటు మీంచి అచ్చువేసే పద్ధతి) వచ్చి ఆ పని పోయాక, పాత అచ్చు కాగితాలను పరిశీలించి వాటి వయసు చెప్పే పనిలో కుదురుకున్నవాణ్ణి. వచ్చేవన్నీ దాదాపు మన కాగితాలే: పాత కరపత్రాలు, నాటకాల వాల్‌పోస్టర్లు, పెళ్ళి శుభలేఖలు, కోర్టు తగాదాల్లో చిక్కుకున్న రసీదు పుస్తకాలు. డబ్లిన్ కాగితం చేతికి రావడం ఇదే మొదలు. అయినా దాని గురించి చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను, ఎందుకంటే టైపు చాలక కంపోజిటరు పడిన అవస్థ అంత బాహాటంగా కనిపించే చారిత్రక పత్రం నాకు తెలిసి మరొకటి లేదు. ఆ ఇష్టమే ఈ కేసులో నా చేత ఒక తప్పు చేయించింది.

ఆయన రావడానికి నెల ముందు ఫోనులో ఫొటోలు పంపించారు. పెద్దగా చేసి చూస్తే మొదటి మూడు పేరాల్లో అక్కడక్కడా పొంతన కుదరని ఇంగ్లీషు ‘ఇ’ (E) అక్షరాలు కనిపించాయి: పక్క అక్షరాలకంటే కొంచెం చిన్నవి, గీత మందంలో తేడా ఉన్నవి. శీర్షికలో ‘ఐర్లండ్ ప్రజలకు’ అనే పంక్తిలోని ఒక పెద్ద ‘ఇ’ కూడా అనుమానంగా ఉంది. ఇవన్నీ అసలు ప్రతి లక్షణాలుగా బాగా ప్రచారంలో ఉన్నవే. ‘లక్షణాలు సరిపోతున్నాయండీ, ఆశ పెట్టుకోవచ్చు’ అని జవాబు రాశాను. రాయకుండా ఉండాల్సింది. ఎందుకు రాయకూడదో తెలియాలంటే ఆ కాగితం ఎలా అచ్చయిందో ముందు చెప్పాలి.

బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు మొదలు కావలసింది ఈస్టర్ ఆదివారం, ఏప్రిల్ 23న. తిరుగుబాటుకు దిగాల్సిన ఐరిష్ వాలంటీర్ల దళానికి అధిపతి అయిన ఓయిన్ మక్‌నీల్ దాన్ని ఆపాలని నిశ్చయించుకుని, ఆనాటి విన్యాసాలన్నీ రద్దయ్యాయని ఆదివారం పత్రికలోనే ప్రకటన వేయించాడు. నాయకులు లిబర్టీ హాలులో సమావేశమై తిరుగుబాటును మర్నాటికి వాయిదా వేసుకున్నారు. ఆ భవనం రవాణా కార్మికుల యూనియన్ కార్యాలయం, జేమ్స్ కానలీ నడిపే కార్మికుల సాయుధ దళం సిటిజన్ ఆర్మీకి స్థావరం, ‘వర్కర్స్ రిపబ్లిక్’ పత్రిక అచ్చయ్యే చోటు కూడా. ఆ పత్రికకు పనిచేసే ముగ్గురినే కానలీ ఆ ఆదివారం పిలిపించాడు. మెషిన్ చూసేవాడు క్రిస్టఫర్ బ్రేడీ, కంపోజిటర్లు మైకల్ మలోయ్, లియమ్ ఓబ్రయన్. వారికి అప్పగించిన పని 2,500 ప్రతులు. పత్రం చూడటానికి వేలంపాట నోటీసులా ఉండాలని కానలీ కోరినట్లు మలోయ్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఈ ఒక్క మాటలో కానలీకి అచ్చుపని ఎంత తెలుసో అర్థమవుతుంది. వేలంపాట నోటీసు వీధికి అవతలివైపు నుంచి కనపడాలి, పైపంక్తులు ఒకదానికొకటి పోటీపడుతున్నట్లు పెద్దవిగా ఉండాలి, దగ్గరికి వచ్చినవాడు కింద విషయం చదువుకోవాలి. మన ఊళ్ళలో జాతర పోస్టర్లు, సర్కస్ పోస్టర్లు కట్టిన పద్ధతీ ఇదే.

ఆ పద్ధతికి కావలసినంత టైపు మాత్రం లిబర్టీ హాలులో లేదు. ఒక చిన్న వారపత్రికకు చాలినంత అక్షరాలున్న కేసుల్లోంచి (టైపు పెట్టుకునే గళ్ళ పెట్టెలు) ఇరవై అంగుళాల వెడల్పు, ముప్పై అంగుళాల పొడవు కాగితం నింపాలి. ఈ కొలతను మన ప్రెస్సుల్లోనూ డబుల్ క్రౌన్ అనే అంటాం, ఇప్పటికీ పుస్తకాల వెనుక ‘క్రౌన్ సైజు’ అని రాసుకునే లెక్క దీని నుంచి వచ్చిందే. నగరంలోని వెస్ట్ అనే ఆంగ్ల ముద్రాపకుడి దగ్గర కొంత టైపు అరువు తెచ్చారు. అదీ చాలలేదు. ఇంగ్లీషులో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే గడి ‘ఇ’ గడి. అది అడుగంటగానే వేరే ఫౌంటు కేసులోంచి ‘ఇ’లు ఏరి పెట్టారు. శీర్షికకు కావలసిన పెద్ద ‘ఇ’ ఒకటి దొరక్కపోతే ‘ఎఫ్’ (F) అక్షరం అడుగున సీలింగు లక్కతో కాలు పెట్టి ‘ఇ’ని చేశారు.

ఇంగ్లీషు కేసుకంటే మన తెలుగు కేసు ఎన్నో రెట్లు పెద్దది, గుణింతాలు, వొత్తులు అన్నీ వేరు వేరు గళ్ళు. అయినా ఏదో ఒక గడి ఖాళీ కావడం మాకు రోజూ ఉండే బాధే. ప్రూఫు దశలో అయితే ఏదో ఒక టైపును తలకిందులుగా గుచ్చి, నల్లటి పాదం ముద్రతో కాగితం తీసి, తర్వాత పక్క పేజీ విప్పాక ఆ అక్షరం తెచ్చి పెట్టేవాళ్ళం. గడువు నెత్తిమీద ఉంటే పక్క కేసులోంచి పెట్టేసి, యజమాని కంట పడకూడదని దండం పెట్టుకునేవాళ్ళం. డబ్లిన్‌లో ఆ ముగ్గురికి ఉన్నది ఒక రాత్రి. గుమ్మంలో తుపాకులతో సిటిజన్ ఆర్మీ కాపలా.

ఇంత చేసినా పూర్తి విషయానికి టైపు చాలదని తేలింది. అప్పుడు తీసుకున్న నిర్ణయమే ఈ పత్రానికి అసలు ఆనవాలు. మొదటి మూడు పేరాల వరకు కంపోజు చేసి, కాగితాల పైసగం మాత్రం మొత్తం అచ్చువేసుకుని, ఫారం (బిగించి కట్టిన టైపు) విప్పి టైపు మళ్ళీ కేసుల్లోకి పంచి, అదే టైపుతో ‘ఐరిష్ రిపబ్లిక్‌కు ప్రతి ఐరిష్ పురుషుని, స్త్రీ విధేయత హక్కుగా చెందుతుంది’ అనే అర్థంతో మొదలయ్యే నాలుగో పేరా నుంచి కింద ప్రకటన చేసిన ఏడుగురు నాయకుల పేర్ల దాకా కూర్చి, అవే కాగితాలను రెండోసారి మెషిన్‌లోకి పంపారు. మెషిన్ పాతబడిన వార్ఫ్‌డేల్ సిలిండర్. బల్ల వెనక్కి పోయేటప్పుడు సిలిండరు ఆగి, ముందుకు వచ్చేటప్పుడు తిరుగుతుంది. కాగితం ఒక్కొక్కటిగా చేత్తో అందించాలి. సిరా సమంగా పట్టక కొన్నిచోట్ల అక్షరాలు అలికినట్లు, కొన్నిచోట్ల వెలవెలబోయినట్లు వచ్చాయి. నాసిరకం కాగితం ఆ లోపాన్ని ఇంకా పెంచింది. అర్ధరాత్రి దాటాక పని ముగిసేసరికి వెయ్యి ప్రతుల వరకే అయ్యాయి. ఆరని ప్రతిని కానలీకి తానే తీసుకెళ్ళి ఇచ్చానని సిటిజన్ ఆర్మీలో పనిచేసిన రోజీ హాకెట్ తర్వాత వాంగ్మూలంలో చెప్పింది.

ఇంకో లోపం కంపోజిటర్లకే కనపడుతుంది. మొట్టమొదటి పంక్తి ‘పొబ్లాఖ్త్ నా హేరన్’ (ఐర్లండ్ రిపబ్లిక్) ఐరిష్ భాషలోది. ఆ భాషకు అప్పట్లో వేరే లిపి టైపు ఉండేది. ఇక్కడ మాత్రం ఆ మాటలు రోమన్ అక్షరాల్లో, దీర్ఘాన్ని చూపే గీతలు లేకుండా పడ్డాయి. సొంత భాషలో ఒకే ఒక్క పంక్తి, దానికీ గుర్తులు లేవు. నేనైతే ఆ పంక్తి దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోలేను.

అడుగున ముద్రాపకుడి పేరు కూడా లేదు. కాగితం మీద ప్రెస్సు పేరు, చిరునామా వేయాలన్నది అక్కడి చట్టం. మనకూ 1867 నాటి చట్టం నుంచి వచ్చిన అలవాటే, వాల్‌పోస్టరు మూలన చీమంత అక్షరాల్లో ఇప్పటికీ ప్రెస్సు పేరు కనిపిస్తుంది. ఆ మూల ఖాళీగా ఉండటం ఆ ముగ్గురి ప్రాణాలకు సంబంధించిన విషయం. పైన ఏడు పేర్లూ ఉన్నాయి కదా అంటే, ఆ ఏడుగురినీ మే 3, 12 తేదీల మధ్య కాల్చి చంపారు. వారిలో థామస్ మెక్‌డొనా డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. తర్వాత మన రాష్ట్రపతి అయిన బరంపురం తెలుగు కుటుంబీకుడు వరాహగిరి వెంకటగిరి అదే కాలంలో అదే కాలేజీలో విద్యార్థిగా ఉండి, 1916లోనే ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. కాగితం తెచ్చినాయనకు ఈ సంగతి తెలియదు. చెప్పగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఇక పరిశీలన. చుట్ట విప్పడానికే అరపూట పట్టింది. పాత కాగితాన్ని గొట్టంలో బిగించి తేవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ మాట ఆయనతో అన్నాను కూడా. రెండు మెత్తటి అట్టల మధ్య పెట్టి, తేలికపాటి బరువులు ఉంచి, సాయంత్రానికి చదును చేశాక కొలిచాను. సరిగ్గా డబుల్ క్రౌన్. రంగు లేత గోధుమ, అంచులు కొంచెం నలిగాయి. ఇక్కడిదాకా అన్నీ అనుకూలంగానే ఉన్నాయి, ఫొటో చూసి నేను రాసిన జవాబు నిజమయ్యేలాగే ఉంది.

తర్వాత గది చీకటి చేసి, చిన్న దీపాన్ని కాగితానికి దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పడేలా పెట్టాను. లెటర్‌ప్రెస్సులో సీసపు అక్షరం కాగితాన్ని నొక్కుతుంది. పెద్ద టైపుతో, పాత సిలిండరు మీద, హడావిడిగా వేసిన పనిలో ఆ నొక్కుడు ఎంతోకొంత లోపలికి దిగి, వెనుకవైపు వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బుతుంది. ఈ కాగితం వెనుకవైపు అద్దంలా ఉంది. ఎక్కడా ఉబ్బు లేదు. ఏళ్ళ తరబడి ఫ్రేములో నొక్కుకుని ఉంటే ఉబ్బు అణగిపోవచ్చు కనుక దీనితోనే తీర్పు చెప్పలేదు.

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని ఒక ‘ఇ’ మీద పెట్టాను. సీసపు అక్షరం నొక్కినప్పుడు సిరా అంచులకు తోసుకుపోయి, గీత చుట్టూ ముదురు కట్టలా, మధ్యలో కొంచెం పలచగా కనిపిస్తుంది. ఈ కాగితం మీద సిరా అంచు నుంచి అంచు దాకా ఒకే మందం. ‘ఇ’ కడుపులో సిరా నిండిపోయి గడ్డకట్టినట్లు ఉన్న చోటు ఒకటి ఉంది, అసలు ప్రతుల్లో కనిపించే రకం అలుకుడే. కానీ ఆ గడ్డకు మందం లేదు. గడ్డ బొమ్మ మాత్రమే ఉంది. అప్పుడు అర్థమైంది. పొంతన కుదరని ‘ఇ’, లక్క కాలు పెట్టిన ‘ఇ’, అలికిన సిరా, ఇవన్నీ కెమెరా కంటికి కనిపించేవే. కెమెరా వాటిని యథాతథంగా పట్టి ఆఫ్‌సెట్ ప్లేటు మీదికి ఎక్కించగలదు. ఎవరో కొత్త టైపుతో మళ్ళీ కూర్చి అచ్చువేసిన నకలైతే ఆ ‘ఇ’లన్నీ సరిగ్గా ఉండి పట్టుబడేది. ఫొటో తీసి వేసిన నకలు అన్ని తప్పులనూ మోసుకొస్తుంది. తప్పులు ఉన్నాయి కాబట్టి అసలుదని నేను ఫోనులో అన్న మాట అక్కడ కూలింది.

ఇక నిర్ధారణ కోసం మూడు పనులు చేశాను. మొదటిది మడత. పైనుంచి సుమారు మూడోవంతు దూరంలో, అక్షరాల మీదుగా అడ్డంగా పోయే సన్నని తెగిన నల్లగీత ఒకటి ఉంది. చూడగానే అది పాత మడత అనిపిస్తుంది. కానీ పక్క దీపంలో అక్కడ కాగితం ఎన్నడూ మడతపడలేదు, పోగులు చెక్కుచెదరలేదు. ఆ మడత ఎక్కడో ఉన్న మరో కాగితానిది. దాన్ని ఫొటో తీసినప్పుడు మడత నీడ కూడా అచ్చులోకి వచ్చింది. నా అనుభవంలో ఇంతకంటే సూటిగా దొరికిపోయిన నకలు లేదు.

రెండోది రెండు సగాల పొందిక. చేత్తో అందించిన కాగితం రెండోసారి సిలిండరులోకి పోయినప్పుడు మొదటిసారి కూర్చున్న చోటే వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవడం జరగని పని. ఒకదానిలో కింది సగం కొంచెం ఎడమకు జరుగుతుంది, ఇంకోదానిలో కొంచెం వాలుతుంది, మూడో, నాలుగో పేరాల మధ్య సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అంటే ఏ రెండు అసలు ప్రతులనూ ఒకదానిపై ఒకటి పరిస్తే రెండు సగాలూ ఒకేసారి కలిసిపోవు. నా దగ్గర ఇదే ప్రకటనకు చాలాకాలం కిందట ఒక స్నేహితుడు జ్ఞాపకంగా తెచ్చి ఇచ్చిన నకలు ఉంది. దాన్ని స్కాన్ చేసి, పారదర్శక ఫిల్ము మీద తీసి, ఈ కాగితం మీద పరిచాను. పైసగం సరిపెట్టగానే కిందిసగం దానంతటదే సరిపోయింది. పేర్ల దగ్గర చివరి చుక్క కూడా కలిసింది. మన ముందున్నవి ఒకే నెగెటివ్ నుంచి పుట్టిన ఇద్దరు తోబుట్టువులు.

మూడోది అతినీలలోహిత టార్చి. చీకట్లో వేయగానే కాగితం నీలంగా వెలిగింది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు చేసే పని అది. 1916 నాటి కాగితంలో అవి ఉండే అవకాశం లేదు, వాటి వాడకం పెరిగింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. ఆ గోధుమరంగు కాగితం వయసు వల్ల వచ్చింది కాదు, అచ్చులో కింద వేసిన లేతరంగు. భూతద్దంలో దాని అంచు కూడా దొరికింది.

ఇక్కడ కొనుగోలుదారుల కోసం ఒక విషయం వివరంగా చెప్పాలి. ఈ ప్రకటనకు రకరకాల సంతానం ఉంది. ఏప్రిల్ 26న హెల్గా అనే ఓడ నుంచి, ఒడ్డున పెట్టిన ఫిరంగుల నుంచి లిబర్టీ హాలు మీద గుండ్లు కురిశాయి. తర్వాత సైనికులు లోపలికి వెళ్ళేసరికి మెషిన్ మీద కింది సగం టైపు ఇంకా బిగించే ఉంది. చివరగా అచ్చయింది ఆ సగమే కదా. జ్ఞాపకంగా ఉంచుకోవడానికి వారు కొన్ని కాగితాలు తీసుకున్నారని చెబుతారు. అందువల్ల కింది సగం మాత్రమే ఉన్న కాగితం కనిపిస్తే అది చిరిగిన అసలు ప్రతి కావచ్చు, సైనికుల చేతిపని కావచ్చు. రెండూ సీసపు అక్షరాల అచ్చులే గనుక వాటిని వేరుచేయడం నేను పైన చెప్పిన పరీక్షలతో తేలదు, పైఅంచు చిరుగు స్వభావాన్ని చూడాలి. ఆ తర్వాతివి స్మారక నకళ్ళు. తిరుగుబాటుకు యాభయ్యేళ్ళు నిండిన 1966లోను, నూరేళ్ళ సందర్భంగా 2016లోను ఎన్నో వచ్చాయి. వాటిని వేసినవారెవరూ మోసం తలపెట్టలేదు. ఫ్రేము పాతబడి, వెనుక అట్ట ఊడి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు వేలానికి చేరాక మోసం మొదలవుతుంది. ఈయనకు అమ్మిన వేలంవారి పట్టీలో ‘ఆ కాలపు ముద్రణ’ అని ఉంది. ఏ కాలమో రాయలేదు.

పోలికకు అదే వారంలో ప్రభుత్వం అంటించిన నోటీసుల స్కాన్లు కూడా బల్ల మీద పెట్టుకున్నాను. ఏప్రిల్ 25న వైస్రాయి వింబోర్న్ డబ్లిన్ నగరానికి, జిల్లాకు సైనిక శాసనం ప్రకటించాడు. రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారి ఐదున్నర దాకా ఎవరూ ఇల్లు కదలరాదని నోటీసులు పడ్డాయి. వాటిలో అక్షరాలకు కరువు లేదు. ప్రతి గడిలో కావలసినంత టైపు, తీరుబడి, నిలకడగల మెషిన్. కానలీ కాగితం వేలంపాట నోటీసులా ఉంటే, ఇవి ఎప్పుడూ ఉండే సర్కారు నోటీసుల్లాగే ఉన్నాయి. ఊరు రగులుతున్నా వాటి అచ్చు తడబడలేదు. ఆ శనివారం పియర్స్ లొంగుబాటు ఉత్తర్వు అచ్చు దాకా కూడా పోలేదు. టైపు చేసిన కాపీలను నర్సు ఎలిజబెత్ ఓఫారెల్ దళాల దగ్గరికి మోసుకెళ్ళింది.

నివేదికలో ఇలా రాశాను: ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో, ఒక అసలు ప్రతిని ఫొటో తీసి, ఆఫ్‌సెట్ పద్ధతిలో రెండు రంగుల్లో వేసిన స్మారక నకలు. మూలప్రతికి పై మూడోవంతు దగ్గర అడ్డ మడత ఉండి ఉండాలి. కింద, నెల ముందు ఫొటో చూసి నేను ఇచ్చిన అభిప్రాయం తప్పని, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని వేరే పేరాగా చేర్చాను. రుసుము తీసుకోలేదు.

ఆయన నిరాశపడ్డారు గానీ వెంటనే లేచి వెళ్ళలేదు. ‘పోనీ, టైపు అయిపోయింది ఎక్కడో చూపించండి’ అన్నారు. భూతద్దం ఆయన చేతికిచ్చి, మొదటి పేరాలో సరైన ‘ఇ’ పక్కనే పడ్డ చిన్న ‘ఇ’ని, ఆ తర్వాత మూడో పేరా చివర, ఫారం విప్పిన చోటును పెన్సిలుతో వేరే కాగితం మీద గుర్తుపెట్టి చూపించాను. తిరిగి వెళ్ళేటప్పుడు గొట్టం నా దగ్గరే వదిలేసి, కాగితాన్ని రెండు అట్టల మధ్య తాడుతో కట్టించుకుని తీసుకెళ్ళారు.